బడికి స్మార్ట్ బోర్డు కాదు, స్కేట్ బోర్డు ఇద్దాం

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మా ఊరు నర్సీపట్నం. (రైల్లో వచ్చి 'నర్సీపట్నం రోడ్' స్టేషన్లో దిగి ఊరొచ్చేసిందనుకునే వాళ్ళకి ఒక మాట: వచ్చింది రోడ్డే, ఊరు కాదు. అక్కణ్ణించి ఇంకా బస్సెక్కాలి.) పండక్కి మా పదో తరగతి బ్యాచ్ వాళ్ళం అందరం కలిశాం. చదువుకున్న బడికి ఏదైనా చెయ్యాలని ఆర్నెల్ల నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. మొత్తానికి చందాలు పోగయ్యాయి. రెండు లక్షల పదివేలు. గ్రూపులో సగం మందిమి సాఫ్ట్‌వేరు వాళ్ళమే కాబట్టి ఏం కొనాలన్న దాని మీద చర్చ కూడా లేదు. స్మార్ట్ బోర్డు! గోడకి అది బిగించడం, పక్కనే మా బ్యాచ్ పేరుతో ఓ పాలరాతి ఫలకం పెట్టడం, దాని ముందు నిలబడి ఫోటో తీయించుకోవడం.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "ఒరేయ్, ఆ డబ్బుతో బళ్ళో స్కేట్ బోర్డు క్లబ్బు పెడదాంరా. ఆట, బొమ్మలెయ్యడం రెండూ కలిపి" అన్నాను.

కాసేపు ఎవడూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి నవ్వారు. "వీడికి బెంగుళూరు బాగా వంటబట్టిందిరా" అన్నాడొకడు. "ముందు ఊళ్ళో రోడ్లు బాగుచెయ్యమను, తర్వాత స్కేటింగు చేద్దాం" అన్నాడు ఇంకొకడు. డల్లాస్ నుంచి వీడియో కాల్లో ఉన్నవాడైతే "మా వాడు ఇక్కడ నేర్చుకుంటున్నాడ్రా, వారానికి రెండు క్లాసులు. కానీ మనూరి పిల్లలకి ఎందుకురా అదీ" అన్నాడు.

ఆ చివరి మాటకి నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ టపా దాని ఫలితమే.

మన పిల్లలకైతే శనివారం స్కేటింగు, ఆదివారం పెయింటింగు. ఫీజు ఎంతైనా కడతాం. "సర్వతోముఖాభివృద్ధి" అని పేరెంట్స్ మీటింగులో తల కూడా ఊపుతాం. అదే మనం చదివిన బడి పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రొజెక్టరు, కంప్యూటరు, స్మార్ట్ బోర్డు. అంటే వాళ్ళు ఇంకా ఇంకా చదవాలి, చదివి మనలా అవ్వాలి. ఆటాపాటా మన పిల్లలకి, ఐఐటీ ఫౌండేషను వాళ్ళకీనా? ఏం లెక్కండీ ఇది?

మర్నాడు బడి దాకా వెళ్ళాను. సెలవులే గానీ డ్రిల్లు మాస్టారు అక్కడే ఉన్నారు. నన్ను గుర్తుపట్టి "ఏరా బాబూ, ఎలా ఉన్నావ్" అన్నారు. ఇప్పుడు పిల్లల ఆటలు ఎలా ఉన్నాయి మాస్టారూ అనడిగితే ఆయన చెప్పిన లెక్క ఇది: "నలభై నిమిషాలు, అరవై మంది పిల్లలు, రెండు బంతులు. అందులో ఒకదానికి గాలి నిలవదు." పదో తరగతి వాళ్ళకి దసరా దాటాక ఆ నలభై నిమిషాలు కూడా ఉండవట, లెక్కల మాస్టారు తీసుకుంటారట. ప్రైవేటు బళ్ళో చదివే మా మేనకోడలు సంగతి ఇంకో రకం. "మావయ్యా, మాకు డ్రాయింగు పీరియడ్లో సైన్సు బొమ్మలు వేయిస్తారు" అంది. గుండె, మూత్రపిండం, పుష్పం నిలువుకోత. అదీ వాళ్ళ కళ.

ఇదేదో వాళ్ళూ వీళ్ళూ దయతలిచి ఇవ్వాల్సిన సంగతి కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి, పేజీన్నర కూడా ఉండదు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నారు. ప్రతి తరగతికీ ఆట సామాన్లు ఇవ్వాలన్నారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే కళలకొకరు, ఆరోగ్యం-వ్యాయామానికొకరు, పనివిద్యకొకరు పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలన్నారు. స్మార్ట్ బోర్డు ఆ షెడ్యూల్లో ఎక్కడా లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా పాఠ్యాంశాలకీ, ఆటలూ కళలకీ మధ్య గోడలు ఉండకూడదని రాసుకుంది. కాగితం మీద అన్నీ ఉన్నాయండీ. లేనిదల్లా గాలి నిలిచే బంతి.

సరే, ఆటలు కావాలి, బొమ్మలు కావాలి, ఒప్పుకున్నాం. మధ్యలో ఈ స్కేట్ బోర్డు ఎక్కణ్ణించి వచ్చింది అంటారా? చెప్తాను.

నా వయసు వాళ్ళకి బేరింగుల బండి గుర్తుండే ఉంటుంది. లారీ షెడ్ల దగ్గర పారేసిన పాత బేరింగులు ఏరుకొచ్చి, ఓ చెక్క ముక్కకి ఇరుసులు కొట్టి, ముందుదానికి తాడు కట్టి, వాలు చూసుకుని జారేవాళ్ళం. గరగరమని ఆ చప్పుడుకి వీధి వీధంతా తిట్టేది. మా బండికి నేను పేరు కూడా రాశాను, ఎర్ర పెయింటుతో, అక్షరదోషంతో సహా :) ఎవడి బండి వాడే చేసుకునేవాడు, ఎవడి రంగు వాడే వేసుకునేవాడు. అప్పుడు మేం ఆడుతున్నామో బొమ్మలేస్తున్నామో వడ్రంగం చేస్తున్నామో మాకే తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేకపోయింది.

స్కేట్ బోర్డు పుట్టింది కూడా సరిగ్గా అలాగే. 1950ల్లో కాలిఫోర్నియాలో సముద్రంలో అలలు లేని రోజుల్లో ఏం తోచని కుర్రాళ్ళు చెక్క పలకకి రోలర్ స్కేట్ చక్రాలు బిగించారు. మొదట్లో ఇనప చక్రాలు, తర్వాత మట్టితో చేసిన చక్రాలు. చిన్న రాయి తగిలితే మనిషి ఎగిరి పడేవాడు. 1970ల మొదట్లో యూరిథేన్ చక్రాలు వచ్చాకే అది నిలబడింది. ఈరోజుకీ దాని చక్రంలో తిరిగేది 608 నంబరు బేరింగు. 8 మిల్లీమీటర్ల లోపలి కన్నం, 22 వెలుపలి కొలత, 7 మందం. మోటార్లు బాగుచేసే ఏ కొట్లో అడిగినా ఇస్తారు. కాబట్టి "ఇది మన ఆట కాదు" అనే వాళ్ళకి నా జవాబు: ఇది మన బేరింగుల బండికి పెదనాన్న కొడుకు. పైగా మనూళ్ళో గ్రౌండు గ్రౌండుకీ ఆడే వాలీబాల్ ఎవరిదనుకున్నారు? 1895లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టింది. దాన్నెవరూ పాస్‌పోర్టు అడగలేదే!

ఇంక అసలు విషయం. ఆటనీ కళనీ కలిపి బడి నడపడం అన్న ఆలోచన నాది కాదు. 2007లో ఆలివర్ పెర్కోవిచ్ అనే ఆస్ట్రేలియా ఆయన కాబూల్‌లో మూడు బోర్డులతో వీధిలో మొదలుపెట్టిన 'స్కేటిస్తాన్' చేసింది అదే. వాళ్ళ కార్యక్రమం పేరే 'స్కేట్ అండ్ క్రియేట్'. ఓ గంట బోర్డు మీద, ఓ గంట రంగులతో తరగతి గదిలో. అక్కడ ఆడపిల్లలు వీధిలో సైకిలు తొక్కితే తప్పు. బోర్డెక్కితే తప్పని మాత్రం ఎవరూ అనలేదు. ఎందుకంటే అదేంటో ఎవరికీ తెలీదు. కొత్తది కాబట్టి అది మగపిల్లల ఆట అని అప్పటికి ఎవడూ తీర్పు చెప్పలేదు! వాళ్ళ మీద తీసిన డాక్యుమెంటరీకి 2020లో ఆస్కార్ కూడా వచ్చింది. 2021లో తాలిబన్లు తిరిగొచ్చాక అక్కడ ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి బడే లేకుండా చేశారు. పిల్లల్ని భయపెట్టి ఉంచాలనుకునే వాళ్ళకి ముందు కళ్ళలో పడేది ఏంటో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

కాబూల్ దూరం అంటారా, మన దేశంలోకే రండి. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్వార్ అని ఓ పల్లెటూరు. గోండులు, యాదవులు ఉండే ఊరు. 2015లో ఉల్‌రికె రైన్‌హార్డ్ అనే జర్మనీ ఆవిడ అక్కడ స్కేట్ పార్కు కట్టించింది. రెండే రెండు నియమాలు పెట్టింది. బడికి వెళ్ళకపోతే స్కేటింగు లేదు. ఆడపిల్లలు ముందు. బోర్డు మీద కులం ఎక్కదు కాబట్టి రెండు వాడల పిల్లలూ ఒకే చోట పడ్డారు, లేచారు. ఆ ఊరి అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీల దాకా వెళ్ళింది. రాజస్థాన్‌లో ఖేమ్‌పూర్ అనే ఊళ్ళో 'స్కేటర్ గర్ల్' సినిమా కోసం ఓ పార్కు కట్టి, షూటింగు అయ్యాక ఊరికే వదిలేశారు. 2021లో ఆ సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది కూడా. జన్వార్‌కీ ఖేమ్‌పూర్‌కీ చేతనైనది నర్సీపట్నానికి చేతకాదా? డివిజన్ కేంద్రం, మునిసిపాలిటీ, చింతపల్లి లంబసింగి వెళ్ళే టూరిస్టు కార్లన్నీ మనూరి మీంచే పోతాయి. అంత తీసికట్టు ఊరేం కాదండీ మాది.

ఇప్పుడు అభ్యంతరాలు ఒక్కొక్కటీ చూద్దాం. గ్రూపులో పడ్డ మెసేజీలన్నీ దాచుకున్నాను.

"పిల్లలు పడితే ఎవడిది పూచీ?" పడతారు. పడడమే మొదటి పాఠం. చెయ్యి ముందుకి చాపకుండా మోకాళ్ళు మడిచి ప్యాడ్ల మీదకి జారడం ఎలాగో నేర్పాకే బోర్డు ఇస్తారు. హెల్మెట్టు లేకపోతే బోర్డు ముట్టుకోనివ్వరు. అయినా అబీద్ సెంటర్లో ఓ సాయంత్రం నిలబడి చూడండి. మీసాలు కూడా రాని కుర్రాళ్ళు బైకు మీద ముగ్గురేసి పోతుంటారు, ఒక్కడికీ హెల్మెట్టు ఉండదు. పూచీ గురించి అడగాల్సిన చోటు అది. హెల్మెట్టు పెట్టుకోవడం పదకొండేళ్ళకే అలవాటైతే పదహారేళ్ళకి బైకెక్కినప్పుడు కూడా చెయ్యి దానికోసం వెతుకుతుందని నా ఆశ.

"దీంతో మెడల్సు వస్తాయా?" ఇది మన రోగం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి ఈ ఆట పెట్టారు. ఆడపిల్లల స్ట్రీట్ విభాగంలో బంగారు పతకం కొట్టిన జపాన్ అమ్మాయి మొమిజి నిషియాకి 13 ఏళ్ళు. వెండి గెలిచిన బ్రెజిల్ పిల్ల రైసా లియాల్‌కీ 13 ఏళ్ళే. చక్రాల మీద కళ చూపించి గెలిచిన వాళ్ళు మనవాళ్ళలోనూ ఉన్నారు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా ఆర్టిస్టిక్ స్కేటింగులో 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఇవన్నీ చెప్పి కూడా నేననేది ఒక్కటే. దయచేసి మెడల్సు మాట ఎత్తకండి. ఎత్తిన మరుక్షణం అది కోచింగు సెంటరు అయిపోతుంది. "స్కేట్ ఫౌండేషన్ ఫ్రమ్ క్లాస్ సిక్స్" అని ఫ్లెక్సీ కడతారు. అరవై మందిలో నలుగుర్ని ఏరి, మిగతా వాళ్ళని మళ్ళీ గోడ మీద కూర్చోబెడతారు. మన తెలుగువాళ్ళం దేన్నయినా ర్యాంకుగా మార్చెయ్యగలం, ఆ ప్రతిభ మనకుంది.

"కబడ్డీకి పైసా ఖర్చు లేదు కదా, అది ఆడించొచ్చు కదా?" ఇది మంచి ప్రశ్న. మిగతావాటిలా దీన్ని తీసిపారెయ్యలేను. కబడ్డీ ఆడించాల్సిందే, గాలి నిలిచే బంతులూ కొనాల్సిందే. ఖర్చు విషయంలో బోర్డు కబడ్డీతో పోటీ పడలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ కబడ్డీ కూతకి కండ ఉన్నవాడు కావాలి, జట్టుకి ఏడుగురే కావాలి. నేను బళ్ళో ఉన్న అయిదేళ్ళూ జట్టులోకి రాని బాపతు. నాలాంటివాళ్ళు క్లాసుకి ఇరవై మంది ఉంటారు, నోట్సు చివరి పేజీల్లో బొమ్మలేసుకుంటూ. ఆ ఇరవై మంది కోసం అడుగుతున్నాను. బోర్డుకి జట్టు అక్కర్లేదు. నిన్న మూడడుగులు జారినవాడు ఇవాళ అయిదడుగులు జారితే అదే గెలుపు. బొమ్మలేసేవాణ్ణి ఆటలోకి లాగుతుంది, ఆడేవాడి చేతికి కుంచె ఇస్తుంది. నాకు తెలిసి ఈ రెండు పనులూ ఒకేసారి చేసే వస్తువు బళ్ళో ఇంకోటి లేదు.

బొమ్మల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. స్కేట్ బోర్డుకి అడుగుభాగం మీద బొమ్మ ఉంటుంది, ఆ సంస్కృతిలో అదో పెద్ద కళ. మన అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్ర, లక్క, పసుపు నుంచీ నీలిమందు నుంచీ తీసిన రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నేను మొదట ఏం ఆలోచించానంటే, బోర్డులు కూడా ఏటికొప్పాకలోనే చేయించేస్తే పోలా అని! ఇంజనీరు బుర్ర కదా. తర్వాత తెలిసింది. అంకుడు మెత్తటి కర్ర, బొమ్మలకి బావుంటుంది గానీ పిల్లాడు ఎగిరి దూకితే ఆగదు. బోర్డుకి మేపుల్ చెక్క ఏడు పొరలు అతికించి ఒత్తాలి. ఇక ఆ లక్క పట్టించేది తిరిగే లేతు మీద, గుండ్రటి వస్తువులకి. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. బల్లపరుపు పలకకి అది కుదరదు. కాబట్టి బోర్డులు కొనుక్కోవాల్సిందే. కానీ ఏటికొప్పాక నుంచి ఓ కళాకారుణ్ణి గౌరవంగా పిలిచి, డబ్బులిచ్చి, రంగు ఎలా పుడుతుందో పిల్లలకి చూపించమని అడగొచ్చు. మనూరికి అంత దగ్గర్లో ఉన్న కళని మన పిల్లలు ఎగ్జిబిషన్లో తప్ప ఎక్కడా చూడరు, సిగ్గుగా లేదూ?

"అంత కష్టపడి వేసిన బొమ్మ నాలుగు రోజులకి గీసుకుపోతుంది కదా" అన్నాడు మా వాడొకడు. పోతుంది. మా అమ్మ పొద్దున్నే వేసిన ముగ్గు పదిగంటలకల్లా పాలవాడి సైకిలు కింద పోతుంది. రేపొద్దున్న మళ్ళీ వేస్తుంది. ఎప్పుడైనా ముగ్గెందుకు దండగ అన్నామా? మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి తెలిసిన విషయమే ఇది, మార్కుల కోసం వెయ్యని బొమ్మ ఒకటుంటుందని. పిల్లలకి అది తెలియాలి. గీసుకుపోయిందా, ఇసక కాగితంతో రుద్ది మళ్ళీ వెయ్యి. ఈసారి ఇంకా బాగా వెయ్యి.

లెక్కలు చూపించకుండా ఉపన్యాసం చెప్తున్నానని అనుకుంటారేమో, ఇదిగో లెక్క. బోర్డులు పన్నెండు, ఒక్కోటి నాలుగు వేలు, మొత్తం 48,000. రోడ్డూ నేలా గరుకుగా ఉంటాయి కాబట్టి మెత్తటి చక్రాలు వేయించాలి. హెల్మెట్టు, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు కలిపి పదిహేను సెట్లు, సెట్టు పదిహేను వందల చొప్పున 22,500. ఇనప ఫ్రేము మీద ప్లైవుడ్‌తో రెండు చిన్న ర్యాంపులు, ఊళ్ళో వెల్డింగు షాపులోనే, 25,000. రంగులు, కుంచెలు 6,000. నేర్పేవాణ్ణి వారం చొప్పున రెండుసార్లు రప్పించి, డ్రిల్లు మాస్టారికీ, డ్రాయింగు తెలిసిన ఒక టీచరుకీ కూడా నేర్పించడానికి 30,000. వెరసి 1,31,500. నేల కొత్తగా కట్టక్కర్లేదు, ప్రార్థన చేసుకునే సిమెంటు గచ్చు ఉంది. మిగిలిన డెబ్భై ఎనిమిదిన్నర వేలు విరిగినవి మార్చడానికీ, గాలి నిలిచే బంతులకీ. పద్దెనిమిది మందికి ఒకేసారి బోర్డు దొరకదు అని బాధపడకండి, ముప్ఫై మందిలో సగం మంది ఆడుతుంటే సగం మంది రంగులేస్తుంటారు. గంట తర్వాత మార్పిడి. ఈ పద్ధతిలో అందం అదే.

నియమాలు జన్వార్‌వే తీసుకుంటాను, ఇంకొకటి కలుపుతాను: బోర్డు విప్పడం, బిగించడం, బేరింగులు తుడవడం పిల్లలే చెయ్యాలి. మూడు సైజుల నట్లు, ఒక పానా. చట్టంలో రాసిన పనివిద్య కూడా అయిపోయింది, చూశారా!

ఇక చివరిగా మనవాళ్ళకి ఓ మాట, అంటే నాకూ మీకూ. మనం బళ్ళకి ఇచ్చేవి ఎందుకు ఎప్పుడూ తెరలే అవుతాయో ఆలోచించారా? మనకి తెలిసింది అదొక్కటే కాబట్టి. రోజుకి పదిగంటలు తెర ముందు కూర్చుని, మెడనొప్పికి ఫిజియో దగ్గరికి పోయే మనం, పిల్లలకి ఇచ్చే కానుక ఇంకో తెర! వారెంటీ ఉన్నన్నాళ్ళు వెలుగుతుంది, తర్వాత రిపేరుకి మనిషి వైజాగు నుంచి రావాలి, వాడు రాడు. ఆ తర్వాత దాని మీద గుడ్డ కప్పి ఉంచుతారు. గుడ్డ కప్పిన కంప్యూటర్లు మీ బళ్ళలో మీరూ చూసే ఉంటారు. ఫలకం మాత్రం అలాగే ఉంటుంది.

స్కేట్ బోర్డుల మీద మన పేరు రాస్తే వారంలో గీసుకుపోతుంది. అందుకే ఎవరికీ నచ్చట్లేదేమో అని నా అనుమానం.

గ్రూపులో ఓటింగు పెట్టారు. స్మార్ట్ బోర్డుకి ఇరవై మూడు, నాకు నాలుగు. (ఆ నాలుగులో ఒకటి నాదే.) ప్రజాస్వామ్యం, కాదనను. ప్యానెల్ కొనుక్కోండి. నా వాటా నేను వెనక్కి తీసుకుని, మిగతా ముగ్గురి వాటా కలిపి, చెయ్యగలిగినంత చిన్నగా మొదలుపెడుతున్నాం. నాలుగు బోర్డులు, ఆరు హెల్మెట్లు, ఓ పెట్టె రంగులు. కాబూల్‌లో ఆయన మూడింటితో మొదలుపెట్టాడు, మాకు ఒకటి ఎక్కువే ఉంది.

నిన్న డ్రిల్లు మాస్టారు ఫోన్ చేశారు. నవ్వుతారేమో అనుకున్నాను. "ఒరేయ్ బాబూ, హెల్మెట్లు ఎప్పుడు పంపుతున్నావ్? ఆడపిల్లలు రోజూ అడుగుతున్నార్రా" అన్నారు.

మీ ఊళ్ళో, మీ బడికి, మీ బ్యాచ్ ఏం కొంటోంది?